కుడికి వాలిన బొమ్మ

కాటాల మేస్త్రికి నత్తి. పుట్టుకతోనే ఉందని వాళ్లమ్మ చెప్పేది. ఒకటో తరగతిలో బెత్తం చూసి మొదలైందని ఆయన లెక్క. ఎప్పుడు వచ్చినా, వెళ్లే ఉద్దేశంతో మాత్రం రాలేదు. అన్ని అక్షరాలతోనూ పేచీ లేదు, ఒక్క 'క' దగ్గరే చిక్కు. అది ఎదురైతే గడప తగిలిన మనిషిలా తూలి, అక్కడే నిలబడి, దాన్నే పదిసార్లు తొక్కేవాడు. తీరా చూస్తే బతుకుతెరువు కాటాలు బాగుచేయడం. ఏం పని చేస్తావయ్యా అని ఎవరైనా అడిగితే, జవాబు పూర్తయ్యేలోపు అడిగినవాళ్లు పక్క కొట్టుకు వెళ్లిపోయేవాళ్లు.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టినవాడు లేడు. మార్కెట్ సందు చివర, మెట్ల కింద ఒక అర గది ఆయన కొట్టు. గోడకు కొక్కేలు, కొక్కేలకు పళ్లేలు, బల్లమీద గుడ్డలో చుట్టిన పరీక్ష రాళ్లు, ఒక నూనె డబ్బా. ఏ కాటానైనా ముందు ఖాళీగా నిలబెట్టి, కళ్లు చిట్లించి, ముల్లు ఎటు మొగ్గుతోందో చూసేవాడు. వెంట్రుకవాసి వాలు కూడా ఆయన కన్ను దాటేది కాదు. ఆ వాలును బట్టే అది ఏ కొట్టుదో, కొట్టువాడి బుద్ధి ఎలాంటిదో చెప్పగలిగేవాడు. చెప్పేవాడు కాదు, అంతే.

రేడియోల్లోకి కూడా ఆయన కాటా పట్టుకునే వచ్చాడు. తొమ్మిదేళ్ల కిందట ఒక పప్పుల కొట్టులో కొత్త ఎలక్ట్రానిక్ కాటాకు దయ్యం పట్టిందని కబురొచ్చింది. పళ్లెంలో ఏమీ లేకపోయినా అంకెలు గెంతుతున్నాయి. మేస్త్రి మూడు రోజులు దాని ముందు కూర్చున్నాడు. అంకెలు గెంతిన ప్రతిసారీ టైము రాసుకున్నాడు. మూడో రోజు సాయంత్రం ఆ కాగితం పట్టుకుని పక్క మెట్లెక్కి పైగదిలోకి వెళ్తే, అక్కడ ఔత్సాహికుల రేడియో క్లబ్బు ఉంది. మైకు పట్టుకుని ఎవరో దూరదేశపు మనిషితో కబుర్లాడుతున్నది సాక్షాత్తూ ఆయన బావమరిదే, భార్యకు సొంత తమ్ముడు. ఇతను నోరు విప్పిన ప్రతిసారీ కింద పప్పుల కాటాలో అంకెలు ఎగురుతున్నాయి.

"మా బావ చూశారా," అన్నాడు బావమరిది, క్లబ్బు వాళ్లందరి వైపూ తిరిగి. "నా గొంతు ఎన్ని కేజీలో తూచడానికొచ్చాడు."

గది మొత్తం నవ్వింది. ఆ రోజు నుంచి క్లబ్బులో అందరికీ ఆయన 'బావగారు' అయ్యాడు. బావను బావమరిది ఆటపట్టించడం లోకంలో ఉన్నదే. పదిమందికీ బావ అయితే పదిమందీ ఆటపట్టించవచ్చు. కానీ ఆ సాయంత్రమే ఎవరో ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. ఇసుక జారుతున్నట్టు చప్పుడు, దాని అడుగున ఎక్కడిదో ఒక సన్నని గొంతు. మేస్త్రి నోరు తెరుచుకుపోయింది. ఇక్కడెవరూ తనను మాట్లాడమని అడగడం లేదు. వినమంటున్నారు, అంతే. నలభై ఏళ్లు వెతికిన చోటు దొరికినట్టయింది ఆయనకు.

మాట్లాడాలంటే లైసెన్సు కావాలి, వినడానికి అక్కర్లేదు. మేస్త్రి వినడంలో పడ్డాడు. గురువు లేడు. పాత పుస్తకాలు, చెడిపోయిన సెట్లు, ఓపిక, అంతే. ఇంట్లో వంటింటి గుమ్మం పక్కన బల్ల వేసుకుని, బయటి చప్పుళ్లు వినపడకుండా హెడ్‌ఫోన్ల మీద తువ్వాలు చుట్టుకుని, కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. బాగా సన్నని గొంతు కోసం వెతికేటప్పుడు ఆ నోరు ఇంకా తెరుచుకునేది. అది ఆయనకు తెలియదు. ఆయన భార్యకు తెలుసు.

ఆమె చెడ్డ మనిషని అనడానికి లేదు. మాటకారి. మాట్లాడని మొగుడితో ఇరవై ఏళ్లు కాపురం చేసింది. సరుకుల కొట్లోనూ, ఆస్పత్రిలోనూ, బంధువుల ఇళ్లలోనూ ఆయన తరఫున తనే మాట్లాడేది. ఆయన 'క' దగ్గర ఆగిపోతే మిగతా మాట తనే పూర్తిచేసేది. మొదట్లో అది ప్రేమ, తర్వాత అలవాటు, ఆ తర్వాత విసుగు. తొమ్మిదేళ్లుగా ఇంట్లో ఆ ఇసుక చప్పుడు భరిస్తోంది. ఆమెను నవ్వించే మనిషి ఒక్కడే, తమ్ముడు. ప్రతి ఆదివారం అతను భోజనానికి వస్తే ఇల్లు ఇల్లులా ఉండేది. అక్కాతమ్ముళ్లు వంటింట్లో కూర్చుని మేస్త్రి నత్తిని అనుకరించుకుని నవ్వుకునేవాళ్లు. గుమ్మం పక్కనే ఉన్నా, చెవులకు హెడ్‌ఫోన్లు కదా, వినపడదని వాళ్ల ధీమా. మేస్త్రి చెవులు ఎలాంటివో తెలిసినవాళ్లు అలా అనుకోకూడదు.

క్రమంగా మేస్త్రికి గొంతులకంటే బొమ్మల మీద మోజు పుట్టింది. రేడియోలో బొమ్మ పంపే పద్ధతి ఒకటుంది, స్లో స్కాన్ టెలివిజన్ అంటారు. బొమ్మను సన్నని గీతలుగా కోసి, ఒక్కో గీతను ఈలగా మార్చి పంపుతారు. వెలుగు ఉంటే ఈల హెచ్చు, చీకటైతే తగ్గు. ఇవతలివాడు ఆ ఈలలు విని గీత కింద గీత పేర్చుకుంటాడు. రెండు నిమిషాలకు ఒక బొమ్మ. పైనుంచి కిందికి, తెర ఎవరో మెల్లగా దించుతున్నట్టు వస్తుంది. తొందరపడేవాళ్ల పని కాదు.

దీనిలో ఒక కిటుకుంది. పంపేవాడి గడియారం, వినేవాడి గడియారం రవ్వంత కూడా తేడా లేకుండా నడవాలి. తేడా ఉంటే ప్రతి గీతా పై గీత కంటే కొంచెం పక్కకు జరిగి, బొమ్మ మొత్తం పునాది కుంగిన గోడలా వాలిపోతుంది. ఏ సెట్టు వాలు దానిది. బావమరిది సెట్టుది కుడి వాలు. ఆదివారాలు సరదాకు అతను పంపిన బొమ్మలు మేస్త్రి దగ్గర వందకు పైగా ఉన్నాయి. అతని పూలకుండీలు కుడికే ఒరుగుతాయి, అతని సూర్యుడు కుడికే జారతాడు. తన తెరమీద తన బొమ్మ తిన్నగానే కనపడుతుంది కాబట్టి ఈ సంగతి బావమరిదికి తెలియదు. మేస్త్రి చెప్పలేదు. కాటా ముల్లు సంగతి ఆయన ఏ కొట్టువాడికి చెప్పాడు గనుక.

క్లబ్బులో పదకొండు కుర్చీలు. ఒక్కోదాని వీపు మీద ఒక్కో సభ్యుడి పేరు తెల్లరంగుతో రాసి ఉంటుంది. లైసెన్సు లేనివాడు సభ్యుడు కాదు కాబట్టి మేస్త్రికి కుర్చీ లేదు. తొమ్మిదేళ్లుగా కిటికీ దగ్గర పాత బ్యాటరీ పెట్టె మీద కూర్చునేవాడు. ఎవరో దాని మీద 'బావగారి సింహాసనం' అని రాశారు. వచ్చిన కొత్తవాళ్లకు అది చూపించి, ఆయన్ను చూపించి, నవ్వుకోవడం క్లబ్బులో మర్యాద అయిపోయింది.

అయితే క్లబ్బు పెట్టిన మాస్టారు రాసిన నియమాల్లో ఒకటుంది. భూమి చుట్టూ తిరిగే పెద్ద స్టేషన్ ఒకటి అప్పుడప్పుడు పన్నెండు బొమ్మల వరస పంపుతుంది. లైసెన్సు లేని శ్రోత ఎవరైనా ఆ పన్నెండూ సొంతంగా పట్టి, ప్రతిదానికీ టైము, దిక్కు, బలం నిజాయితీగా రాసి చూపిస్తే అతన్ని పూర్తి సభ్యుడిగా తీసుకోవాలి. బొమ్మ ముక్కే వచ్చినా, ఆ ముక్కలో వరస సంఖ్య కనపడితే చెల్లుతుంది. ఇంతవరకు ఎవరూ ఆ నియమం వాడుకోలేదు. ఆ ఏడాది వరస మొదలైన ఆరోరోజుకు మేస్త్రి దగ్గర పదకొండు బొమ్మలు ఉన్నాయి.

అది ఆదివారం. బావమరిది భోజనం చేస్తూ అడిగాడు.

"ఏం బావా, కుర్చీ మీద పేరు రాయించమంటావా? రంగు డబ్బా తెప్పించనా?"

"ఇం... ఇంకొకటి ఉంది," అన్నాడు మేస్త్రి.

"ఎప్పుడు?"

"రేపు సాయంత్రం ఆరుంపావు. అదే ఆఖరు."

"అబ్బో. అంటే ఎల్లుండి నుంచి బావ మా పక్కన కుర్చీలో. బ్యాటరీ పెట్టె ఏమైపోవాలి? దిక్కులేనిదై పోదూ?"

భార్య నవ్వింది. "ఆ కుర్చీ ఏదో ఇప్పించరా తమ్ముడూ. రాత్రి కలవరింతల్లో కూడా కుర్చీయే. 'కు... కు... కు...' అని తెల్లారేదాకా. కోడిపుంజు అనుకుని పక్కింటావిడ లేచి కూర్చుంది."

మేస్త్రి కూడా నవ్వాడు. ఎప్పుడూ నవ్వేవాడే. తర్వాత చేయి కడుక్కుని బల్ల దగ్గరికి వెళ్లాడు. వంటింట్లో వాళ్లిద్దరూ ఫోన్‌లో ఏదో చూసుకుంటూ, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఆమె, గోడకు ఆనుకుని అతను, ఊపిరాడనంతగా నవ్వడం ఆయనకు వినపడింది. "పంపించవే, నాకు పంపించు," అంటున్నాడు తమ్ముడు. "వద్దురా, పాపం," అని ఆమె అంది. అంటూనే పంపింది.

సోమవారం మధ్యాహ్నం మూడింటికే మేస్త్రి కొట్టు మూసేశాడు. మేడమీదికి తన యాంటెన్నా తెచ్చుకున్నాడు. పాత ఇనప కొలత టేపు కోసి, చెక్క కర్రకు బిగించి, తనే చేసుకున్నది. చిన్న రేడియో నుంచి ఫోన్‌కు ఒక తీగ. ఫోన్ పిట్టగోడ మీద, నోటుబుక్కు దాని పక్కన, పెన్సిలు చెవిలో. ఆకాశం తేటగా ఉంది. ఆరుంపావుకు పడమటి వైపు నుంచి స్టేషన్ లేచే టైముకు ఆయన కర్ర ఎత్తి నిలబడ్డాడు.

ముందు ఇసుక చప్పుడు. దాని అడుగున సన్నగా, దారంలా, ఈల. వచ్చేసింది. మేస్త్రి నోరు తెరుచుకుంది. తెరమీద రెండు గీతలు నీలంగా పడ్డాయి.

సరిగ్గా అప్పుడు పక్కనే ఎవరో చెవిలో ఊదినట్టు ఒక గట్టి ఈల లేచి ఆ దారాన్ని మింగేసింది. ఈ రకం రేడియోల్లో రెండు గొంతులు కలిసి వినపడవు. బలమైనది ఉంటే బలహీనమైనది ఉన్నట్టే తెలియదు. మేస్త్రికి ముందు సంతోషం వేసింది. ఇంత గట్టిగా ఎప్పుడూ రాలేదు. బొమ్మ పైన పట్టీ, పట్టీలో 'పన్నెండులో పన్నెండు' అని అంకెలు. అంతా వరస ప్రకారమే. పట్టీ కింద తెల్లగా ఏదో వస్తోంది. మబ్బులనుకున్నాడు.

చేయి అలవాటుగా రేడియో మీటను ఒక మెట్టు తగ్గించింది. ఆకాశంలో పరిగెత్తేదాని ఈల, దగ్గరికొచ్చే రైలు కూతలా, మారుతూ ఉంటుంది. వెంట వెంట మీట తిప్పుకోవాలి. తిప్పగానే ఈల చెడింది. మళ్లీ వెనక్కి పెడితే బాగుంది. అంటే ఇది పరిగెత్తడం లేదు. ఎక్కడో ఒకచోట కూర్చుని ఉంది. మేస్త్రి కర్రను ఆకాశం నుంచి దించి, ఊరి మీదుగా మెల్లగా తిప్పాడు. బావమరిది ఇంటి వైపుకు వచ్చేసరికి ఈల ఇంకా గట్టిపడింది.

తెరమీద అప్పటికి మబ్బులు తువ్వాలు అయ్యాయి. తువ్వాలు కింద నుదురు. నుదురు కింద మూసిన కళ్లు. ఒక్కో గీతా తాపీగా దిగుతోంది, ఎవరికీ తొందర లేదు. ముక్కు. తర్వాత నోరు, చాలా గీతలు పట్టింది ఆ నోరు. లోపల నాలుక కూడా వచ్చింది. దాని కింద భుజం దగ్గర చిరిగిన బనియను. మొత్తం కుడికి వాలి ఉంది.

మేస్త్రి తన ముఖాన్ని అలా ఎప్పుడూ చూసుకోలేదు. చూస్తూ నిలబడ్డాడు. ఇంకోటి కూడా చూశాడు. బొమ్మకు ఎడమ అంచున ఒక కర్టెన్ మడత, కర్టెన్ మీద ఆకుపచ్చ చుక్కలు. వంటింటి గుమ్మానిది. ఆ ఫొటో తీసిన మనిషి వంటింట్లో, కర్టెన్ వెనక నిలబడి తీసి ఉండాలి.

బొమ్మ ముప్పాతిక పైగా దిగాక గట్టి ఈల ఠపీమని ఆగిపోయింది. మాట్లాడే సెట్లలో ఒక ఏర్పాటుంటుంది. మీట పొరపాటున నొక్కుకుపోతే గంటల తరబడి మోగకుండా, ఒకటిన్నర నిమిషానికి దానంతటదే ఆగుతుంది. బొమ్మ పంపేవాడు ముందు దాన్ని తీసేసుకోవాలి. నవ్వుల తొందరలో బావమరిది మరిచిపోయినట్టున్నాడు. ఇసుక చప్పుడు తిరిగొచ్చింది. దాని అడుగున, అంతసేపూ ఎవరికోసమూ ఆగకుండా పాడుకుంటూ పోతున్న సన్నని ఈల. మేస్త్రి చేతులు వాటంతటవే కర్రను ఆకాశం వైపు ఎత్తాయి, మీటను సరిచేశాయి. చిరిగిన బనియను కింద నీలంగా, నిటారుగా, గీత తర్వాత గీత పడ్డాయి. వంపు తిరిగిన భూమి అంచు, దాని మూల చిన్న అక్షరాలతో వరస సంఖ్య. పన్నెండులో పన్నెండు.

ఐదోవంతు పట్టీ. నియమం ప్రకారం చాలు.

ఆయన పిట్టగోడ మీద కూర్చుని నోటుబుక్కు తీశాడు. టైము రాశాడు, దిక్కు రాశాడు, బలం రాశాడు. 'పై నాలుగు వంతులు స్థానికం. కుడి వాలు. మీట మారలేదు. కింది వంతు స్టేషన్. వాలు లేదు.' అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాడు. ఫొటో ఎవరు తీశారో మాత్రం రాయలేదు.

కిందికి దిగితే భార్య గుమ్మంలోనే ఉంది.

"వచ్చిందా మీ బొమ్మ?" అంది, పెదవి బిగబట్టి.

"వచ్చింది."

"ఎలా ఉంది?"

"స్పష్టంగా ఉంది," అన్నాడు. ఆమె వంటింట్లోకి పరిగెత్తింది. నవ్వు ఆపుకోవడానికేనని ఆయనకు వినపడింది.

ఆ రాత్రి మేస్త్రి ఆలోచించింది ఒక్కటే. కుర్చీ కావాలంటే పన్నెండో బొమ్మ చూపించాలి. పన్నెండో బొమ్మ చూపిస్తే తన ముఖం చూపించాలి. పై ముక్క కత్తిరించి కింది పట్టీ ఒక్కటే తీసుకెళ్లొచ్చు. కానీ నియమం అలా లేదు, పట్టినది పట్టినట్టు చూపించాలి. తూకంలో చేయి పెట్టేవాళ్లను జీవితమంతా చూసినవాడు కత్తెర పట్టలేకపోయాడు.

మంగళవారం సాయంత్రం క్లబ్బులో ఎప్పుడూ లేనిది పదకొండు కుర్చీలూ నిండాయి. సంగతి అందరికీ ముందే తెలుసని మేస్త్రి మెట్ల మీదే గ్రహించాడు. లోపలి నుంచి వస్తున్నది నవ్వు కాదు, నవ్వు ఆపుకుంటున్న నిశ్శబ్దం. స్టూడియోలో అచ్చు వేయించిన పన్నెండు బొమ్మలూ బల్లమీద వరసగా పరిచాడు. పన్నెండోది పెట్టగానే గది పగిలిపోయింది.

సభ్యుల్లో పళ్ల డాక్టర్ ఒకాయన ఉన్నాడు. వంగి చూసి, "బావగారూ, ఇంకాస్త తెరిచుంటే జ్ఞానదంతం సంగతి కూడా చెప్పేసేవాణ్ణి," అన్నాడు.

"అంతరిక్షంలో మనిషి ఉన్నాడంటే నమ్మలేదు," అన్నాడు ఇంకొకడు. "బనియనుతో ఉంటాడనుకోలేదు."

బావమరిది కళ్లు తుడుచుకుంటున్నాడు. "కోప్పడకు బావా. సరదాకి."

మేస్త్రి కోప్పడలేదు. నవ్వు తగ్గేదాకా నిలబడి, పెన్సిలు కొనతో బొమ్మ అడుగు చూపించాడు. "కి... కింద చూడండి మాస్టారూ."

మాస్టారు నవ్వని మనిషి. కళ్లద్దాలు తుడుచుకుని, భూతద్దం తీసి చూశాడు. నోటుబుక్కు తెరిచి చదివాడు. గది సద్దుమణిగింది.

"అంకె ఉంది," అన్నాడు మాస్టారు. "పట్టీ సరిపోతుంది. మేస్త్రీ, నీకు కుర్చీ వచ్చినట్టే." వేలు పైకి జరిపాడు. "మరి ఈ పైది? స్టేషన్ బొమ్మలు వచ్చే ఆ దారి వినడానికే. అక్కడ ఎవరూ పంపకూడదు. లైసెన్సున్నవాడు ఎవరైనా ఈ పని చేసి ఉంటే నేను పైకి రాయక తప్పదు. వాడి లైసెన్సు పోతుంది. ఎవరు పంపారు?"

బావమరిది ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక ఎవరూ లేరు. పళ్ల డాక్టర్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"ఎవరూ పంపలేదు మాస్టారూ," అన్నాడు బావమరిది చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "మా బావ సంగతి మీకు తెలీదు. ఆఖరిది దొరకలేదు. ఎక్కడో ఒక పట్టీ సంపాదించి, తన ఫొటో కింద కంప్యూటర్‌లో అతికించుకున్నాడు. ఎవరో పాడుచేశారంటే జాలిపడి ఇచ్చేస్తారని."

మేస్త్రి అతని వైపు తిరిగాడు. "కు... కు..."

"కుర్చీ మీద ఆశకొద్దీ చేశానంటున్నాడు," అని పూర్తిచేశాడు బావమరిది.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. కాగితం తీసుకుని 'కుడి వాలు' అని రాశాడు. సంచిలోంచి ఆదివారాల పాత బొమ్మలు తీసి పక్కన పరిచాడు. కుడికి ఒరిగిన పూలకుండీ, కుడికి జారిన సూర్యుడు, కుడికి వాలిన తను. మాస్టారు స్కేలు పెట్టి కొలిచాడు. మూడింటి వాలూ ఒకటే.

బావమరిది మొదటిసారి తన వాలు తాను చూసుకున్నాడు. ఒక్క క్షణం తడబడ్డాడు. "వాలుదేముంది మాస్టారూ. కంప్యూటర్‌లో ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. నా బొమ్మలు ఆయన దగ్గర వంద ఉన్నాయి, చూసి దింపాడు. శబ్దం రికార్డు చేశాడేమో అడగండి."

"చేశావా?" అన్నాడు మాస్టారు.

చేయలేదు. నోటుబుక్కు చాలనుకున్నాడు.

"పోనీ, ఈ ఫొటో తీసిందెవరు?"

మేస్త్రి ఆకుపచ్చ చుక్కల మీద నుంచి చూపు తిప్పుకున్నాడు. మాట భార్య దాకా రాకూడదనే అంతా ఉన్నది ఉన్నట్టు రాసి అదొక్కటీ వదిలేశాడు.

"అక్కనే అడుగుదాం," అన్నాడు బావమరిది, అప్పటికే ఫోన్ తీసి. "ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే కదా." స్పీకర్ పెట్టి ఫోన్ బల్లమీద, బొమ్మ పక్కనే ఉంచాడు. "అక్కా, మాస్టారు ఏదో అడుగుతారట. బావ నామీద నేరం మోపుతున్నాడు. నా లైసెన్సు పోయేట్టుంది."

మాస్టారు వంగాడు. "అమ్మా, మీ ఆయన రేడియో వింటుండగా ఫొటో ఒకటి తీశారట. మీరేనా తీసింది?"

ఫోన్ ఊరుకుంది. మిగతావాళ్లకు అది ఉత్త నిశ్శబ్దం. మేస్త్రికి అందులో అన్నీ వినపడ్డాయి. వంటింటి ఫ్యాను మూడో రెక్క కిర్రుమనడం. ఎటూ తోచనప్పుడు ఆమె గాజులు మోచేతి దాకా తోసుకునే చప్పుడు. ఒకసారి లోపలికి తీసుకున్న ఊపిరి, 'అవును' అనడానికి సరిపోయేంత. అది మాట కాకుండానే బయటికి పోయింది.

"నాకు తెలీదండి," అంది. "ఆయన రేడియో గొడవలు నేను పట్టించుకోను."

"థాంక్సమ్మా."

"మాస్టారూ," అంది మళ్లీ, గొంతు మెత్తబరిచి, సరుకుల కొట్లో ఆయన తరఫున మాట్లాడినట్టే. "ఆ కుర్చీ ఏదో ఇచ్చేద్దురూ, పాపం. అది లేక పిచ్చివాడైపోతున్నాడు. ఓ మూల పడుంటాడు."

మాస్టారు ఫోన్ ఆపాడు. నోటుబుక్కు మూసి మేస్త్రి ముందుకు జరిపాడు. కోపం లేదు ఆయన ముఖంలో, అదే అధ్వానం.

"శ్రోతకు ఉన్నది నోటుబుక్కు ఒక్కటే మేస్త్రీ. అందులో అబద్ధం ఉందన్నాక పదకొండూ చెల్లవు. నేనేం చేయను?" అని, బ్యాటరీ పెట్టె వైపు చూసి, "కొన్నాళ్లు రాకపోతే మంచిది," అన్నాడు.

మేస్త్రి బొమ్మలు తీసుకుంటుంటే బావమరిది చేయి సాయం పట్టబోయాడు. "నేను మెల్లగా అందరికీ సర్దిచెప్తాలే బావా," అన్నాడు చెవిలో. "నువ్వు మాత్రం మాస్టార్ని కదపకు." మేస్త్రి పదకొండింటినీ సంచిలో వేసుకున్నాడు. పన్నెండోదాన్ని విడిగా చుట్టుకున్నాడు.

తిన్నగా ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టుకు వెళ్లాడు. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. భార్య ఏమీ ఎరగనట్టు కంచాలు పెడుతోంది. ఆయన చేతులు కడుక్కోకుండా స్టూలు వేసుకుని ఎక్కాడు. భోజనాల బల్ల పైన, వంటింటి గుమ్మానికి ఎదురుగా మేకు కొట్టాడు. ఫ్రేము తగిలించి, పనికి వాడే రసమట్టం దాని మీద పెట్టి, బుడగ నట్టనడుమకు వచ్చేదాకా సరిచేశాడు. చట్రం గీత గీసినట్టు తిన్నగా నిలిచింది. లోపల తను కుడికి వాలి, నోరు తెరుచుకుని ఉన్నాడు. కింద భూమి అంచు నీలంగా మెరుస్తోంది. ఎడమ పక్క ఆకుపచ్చ చుక్కల కర్టెన్. ఎదురుగా గుమ్మానికి అదే కర్టెన్, అవే చుక్కలు.

"ఇదేంటండీ?" అంది ఆమె. "తీసెయ్యండి. ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"చూడనీ."

మొదట పక్కింటావిడ చూసింది. నవ్వలేదు. "అయ్యో, ఇలా తీశారేంటి? ఎవరు తీశారండీ?" అంది. మేస్త్రి తువ్వాలు చుట్టుకుంటూ, ఒక్క అక్షరం కూడా తడబడకుండా, "ఆవిణ్ణే అడగండి," అన్నాడు. పాలవాడు అడిగాడు. మీటరు చూసేవాడు అడిగాడు. చుట్టాలు అడిగారు. అందరికీ అదే జవాబు. ప్రతిసారీ ఆమె ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లేది. నలుగురిలో తడుముకోకుండా మాట్లాడే మనిషి, ఆ ఒక్క ప్రశ్న దగ్గర గడప తగిలినట్టు ఆగిపోయేది. ఆమె మాట పూర్తిచేసిపెట్టేవాళ్లు ఎవరూ లేరు.

ఆదివారం బావమరిది వచ్చాడు. అలవాటు కుర్చీలో కూర్చుని తలెత్తితే బావ ఎదురుగా నోరు తెరుచుకుని ఉన్నాడు. ముద్ద దిగలేదు. మరుసటి ఆదివారం పనుందన్నాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఖాళీ దొరకలేదు. వంటింట్లో నవ్వు ఆగిపోయింది. ఆమె ఆ కర్టెన్ తీసి ఉతికి దాచేసింది. గుమ్మం బోసిగా ఉండేసరికి బొమ్మ వంటింట్లోకి ఇంకా తిన్నగా కనపడసాగింది. మళ్లీ కట్టింది.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె ఆయన బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. మేస్త్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తువ్వాలు చుట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె గాజులు మోచేతి దాకా తోసుకుంది.

"నేనే తీశాను," అంది. "నవ్వుకోడానికి తీశాను. వాడు నేరం మీమీదే తోస్తాడని నాకు తెలీదు. ఆ రోజు వాడి లైసెన్సు పోతుందని అబద్ధం చెప్పాను. చాలా? మాస్టారికి కూడా చెప్తాను. ఇక తీసెయ్యండి దాన్ని."

మేస్త్రి కళ్లు తెరిచాడు. వేలితో తన చెవి చూపించి, వినపడటం లేదన్నట్టు చేయి ఊపాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఆమె ఇంకాసేపు నిలబడి వంటింట్లోకి వెళ్లిపోయింది. బల్లమీద రేడియో వేసి లేదు.